కుక్కకాటుకు భుజాలకు టీకా ఇచ్చాక, గాయంలోనూ సూది ఎందుకు?

ప్రశ్న
పెరటిజామ (ఖమ్మం)

నమస్కారం. మా బాబుకు ఆరేళ్లు. మొన్న ఆదివారం సాయంత్రం వీధిలో ఆడుకుంటుండగా ఎక్కడినుంచో వచ్చిన కుక్క వాడి కుడిచేతి చూపుడు వేలు కొరికి పారిపోయింది. గోరు పక్కన రెండు చోట్ల పళ్లు దిగాయి, రక్తం వచ్చింది. మా వారు వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ముందు కుళాయి కింద సబ్బుతో చాలాసేపు కడిగించారు. తరువాత రెండు భుజాలకూ చర్మంలోనే, చిన్న బుడిపె లేచేలా, చెరొక ఇంజెక్షన్ ఇచ్చారు. ఇక అయిపోయిందనుకునేలోపు బాబును తూకం మీద నిలబెట్టి, 20 కిలోలని రాసుకుని, వేరే సీసాలోని మందు తీసి నేరుగా ఆ కరిచిన వేలిలోనే గుచ్చారు. వాడి కేకలకు వరండాలో ఉన్న నాకు కాళ్లు వణికాయి. మళ్లీ 3, 7, 28 రోజులకు రమ్మని కార్డు మీద రాసిచ్చారు.

ఇప్పుడు ఇంట్లో తలా ఒక మాట. భుజాలకు ఇచ్చిన టీకా పనిచేసేదే అయితే వేలిలో గుచ్చి పసివాడిని అంత ఏడిపించడం ఎందుకని మా ఆడపడుచు అంటుంది. వేలిలోది పనిచేస్తే ఇక ఆసుపత్రి చుట్టూ తిరగడం ఎందుకని మా వారు. మా అత్తయ్య అయితే తమ రోజుల్లో బొడ్డు చుట్టూ 14 సూదులు వేసేవారని, ఇవి అసలు సూదులే కావని తేల్చేశారు. మా వారి ఆఫీసులో ఒకాయనకు ప్రైవేటు ఆసుపత్రిలో ఐదుసార్లు వేశారట. మాకు నాలుగుసార్లే అన్నారు. ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి మందు పొదుపు చేశారేమోనని నాకూ అనుమానంగా ఉంది. పైగా ఏడో రోజున మేము విజయవాడలో పెళ్లిలో ఉంటాం. మాంసం, గుడ్డు నలభై రోజులు ముట్టకూడదని ఎదురింటి పెద్దావిడ అంటున్నారు. తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.


వేపచెట్టు (నల్గొండ)

అంత భయం అక్కర్లేదండి. మా తాతగారిని పొలంలో కుక్క కరిస్తే మిరపకారం, సున్నం కలిపి గాయానికి పట్టించి గుడ్డ కట్టారు. పక్క ఊళ్లో పసరు పోసే ఆయన దగ్గరకు వెళ్లి పసరు తాగి వచ్చారు. ఎనభై దాటే వరకు నిక్షేపంగా బతికారు. ఈ రోజుల్లో ప్రతిదానికీ సూదులే. మొదటి డోసు వేయించారు కదా, మిగతావి వేయించినా మానినా ఒకటే అని నా అభిప్రాయం.


సూదిగది సిస్టరమ్మ (గుంటూరు జిల్లా)

అమ్మా, ముందు ఒక మాట చెబుతాను, మీకు నిద్ర పడుతుంది. మీ ఆయన చేసిందీ సరైన పనే, ఆసుపత్రివాళ్లు చేసిందీ సరైన పనే. నేను స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఇంజెక్షన్ గదిలోనే గడిచింది. కుక్కకాటు కేసు రాని రోజు నాకు గుర్తు లేదు. వచ్చిన ప్రతి తల్లీ మీరు అడిగిందే అడిగేది, నేనేమో వెనుక ఉన్న వరుసను చూసి సగం చెప్పి పంపేసేదాన్ని. ఇక్కడ వరుస లేదు కాబట్టి తీరిగ్గా చెబుతాను.

భుజాలకు ఇచ్చింది టీకా. అందులో ఉండేది చంపేసిన రేబిస్ వైరస్. అది జబ్బు చేయలేదు. అలాగని తనంతట తాను జబ్బును ఆపనూలేదు. దాని పని ఒక్కటే, శరీరానికి శత్రువు ముఖం చూపించడం. చర్మంలో ఉండే రోగనిరోధక కణాలు ఆ వైరస్ ముక్కలను పట్టుకుని చంకలోని లింఫ్ గ్రంథులకు చేరవేస్తాయి. అక్కడ దానికి సరిపోయే కణాలను వెతికి, వాటిని లక్షల్లో పెంచి, యాంటీబాడీలు, అంటే వైరస్‌ను పట్టుకుని అడ్డుకునే మాంసకృత్తులు, తయారు చేయించాలి. ఈ తతంగానికి వారం పది రోజులు పడుతుంది. నమ్మదగిన స్థాయిలో రక్తంలోకి వచ్చేసరికి రెండు వారాలు అనుకోండి. ఎంత ఖరీదైన టీకా అయినా, ఎంత పెద్ద ఆసుపత్రిలో వేసినా ఈ గడువు తప్పదు.

మరి ఆ వారం పది రోజులు మీవాడి వేలిలో పడిన వైరస్ చేతులు కట్టుకుని కూర్చుంటుందా? అందుకే రెండో మందు. దాన్ని ఆసుపత్రుల్లో సీరం అంటాం, చీటీ మీద ఆర్‌ఐజీ అని రాస్తాం. పూర్తి పేరు రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్. గుర్రాలకు రేబిస్ టీకాలు వేసి, వాటి రక్తంలో తయారైన యాంటీబాడీలను వేరుచేసి శుద్ధి చేస్తారు. టీకాలు వేయించుకున్న మనుషుల రక్తం నుంచి తీసినదీ ఉంది, దాని ధర ఎక్కువ. 2017 నుంచి మన దేశంలో ప్రయోగశాలలో కణాల ద్వారా తయారుచేసే రకం కూడా దొరుకుతోంది. ఏ రకమైనా సంగతి ఒకటే. సిద్ధంగా ఉన్న యాంటీబాడీలను తెచ్చి గాయంలో పోస్తాం. పోసిన నిమిషం నుంచే అవి వైరస్ పై పొరకు అంటుకుని దాన్ని నరంలోకి దూరనివ్వవు. కాకపోతే అవి మన శరీరం చేసుకున్నవి కావు. కొన్ని వారాల్లో కరిగిపోతాయి. వాటి వల్ల శరీరం నేర్చుకునేదీ ఏమీ ఉండదు. పంట చేతికొచ్చే దాకా అప్పు తెచ్చుకున్న గింజల లాంటిది సీరం. ఆ పంట టీకా. గింజలున్నాయి కదా అని నాట్లు మానేస్తే ఏమవుతుందో మీ ఆయనకు చెప్పండి. పంట వేశాం కదా, గింజలు ఎందుకు అన్న మీ ఆడపడుచుకూ అదే జవాబు.

ఇక గాయంలోనే ఎందుకు అంటారా? ఇది చాలామంది చదువుకున్నవాళ్లకూ తెలియదు. రేబిస్ వైరస్ రక్తంలో కలిసి తిరిగే రకం కాదు. కరిచిన చోట కండరంలో కొంతకాలం ఉండి, అక్కడి నరాల కొసల్లోకి దూరి, నరం వెంటే వెన్నుపాముకు, అక్కడినుంచి మెదడుకు పాకుతుంది. ఒకసారి నరం లోపలికి వెళ్లిందంటే యాంటీబాడీలకు అందదు. కాబట్టి దాన్ని పట్టుకోవలసింది బయట, ఆ గాయంలోనే. తొడకో పిరుదుకో వేస్తే సీరం ఒళ్లంతా పలుచగా వ్యాపిస్తుంది తప్ప, కావలసిన చోట కావలసినంత ఉండదు. వేళ్లు, ముఖం, తల, మర్మాంగాల మీద కాట్లు మరీ ప్రమాదం అనేది ఇందుకే. అక్కడ నరాల కొసలు దట్టంగా ఉంటాయి. తల మీద కాటైతే మెదడుకు దూరమూ తక్కువ.

వేలిలో సీరం ఎక్కించడం మాకూ ఇష్టమైన పని కాదమ్మా. వేలిలో చోటు ఎక్కడుంది? సన్నని సూదితో, పన్ను దిగిన ప్రతి గంటు అంచున గుచ్చి, కొద్దికొద్దిగా వదలాలి. తొందరపడి తోస్తే లోపల ఒత్తిడి పెరిగి వేలు తెల్లబడుతుంది, రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంటుంది. రంగు చూస్తూ, ఆగుతూ, మళ్లీ ఎక్కించాలి. పిల్లవాడి మోచేతిని ఒకరు, మణికట్టును ఒకరు పట్టుకోవాలి. పట్టుకున్న తండ్రులు ముఖం పక్కకు తిప్పుకుంటారు, తల్లులు మీలాగే వరండాలోకి వెళ్లిపోతారు. మీవాడు అంత ఏడ్చాడంటే ఆ సిస్టరు పని తప్పించుకోకుండా సరైన చోట మందు పెట్టిందని అర్థం.

తూకం ఎందుకంటే, టీకా మోతాదు పిల్లలకైనా పెద్దలకైనా ఒకటే కానీ సీరం మాత్రం బరువును బట్టి లెక్క. గుర్రం సీరం కిలోకు 40 యూనిట్లు. మీవాడికి 800 యూనిట్లు. మిల్లీలీటరుకు 300 యూనిట్లుండే సీసా అయితే మూడు మిల్లీలీటర్లకు కొంచెం తక్కువ. అంతా వేలిలో పట్టదు కాబట్టి పట్టినంతే పెడతారు. మనిషి రక్తం నుంచి తీసిన దానికి కిలోకు 20 యూనిట్లు చాలు. సీరం ఇచ్చాక కాసేపు కూర్చోబెట్టి ఉంటారు. గుర్రం మాంసకృత్తు ఎవరికైనా పడకపోతే వెంటనే చూసుకోవడానికి.

సీరం లేకుండా టీకా ఒక్కటే చాలదా అన్న ప్రశ్నకు చాలా ఏళ్ల కిందటే, పాపం, మనుషుల ప్రాణాల మీద జవాబు దొరికింది. 1954లో ఇరాన్‌లోని ఒక ఊళ్లో పిచ్చి తోడేలు 29 మందిని కరిచింది. తల మీద తీవ్రంగా గాయపడినవారిలో టీకా ఒక్కటే తీసుకున్నవారు ఐదుగురు, వారిలో ముగ్గురు చనిపోయారు. సీరం, టీకా రెండూ తీసుకున్న 13 మందిలో పోయింది ఒక్కరు. రక్తం వచ్చేలా కరిస్తే రెండూ ఇవ్వాలని ప్రపంచమంతా చెబుతున్నది ఊరికే కాదు.

ఇంత చెప్పినా టీకా వేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చి, సీరం మాటే ఎత్తకుండా పంపేసే చోట్లు ఉన్నాయి. ఒక పట్నంలోని ప్రైవేటు క్లినిక్ నుంచి అలాగే ఒక పిల్లను మా దగ్గరకు తెచ్చారు. చెంప మీద కాటు, మూడు రోజులు గడిచాయి. ఆ తండ్రి చేతిలో బిల్లు మాత్రం ఇంత పొడవు. సీరం మొదటి టీకా రోజునే ఇవ్వాలి. కుదరకపోతే ఆ టీకా వేసిన ఏడు రోజుల లోపు ఇవ్వవచ్చు. కాబట్టి ఆ పిల్లకు అప్పుడే ఇచ్చేశాం. ఏడు రోజులు దాటితే ఇవ్వం. అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలవుతాయి, బయటివి పోస్తే వాటికే అడ్డు.

మీ అత్తయ్యగారిని ఏమీ అనకండి, ఆవిడ చెప్పింది నిజమే. బొడ్డు చుట్టూ వేసేవారు. ఆ టీకాను డేవిడ్ సెంపుల్ అనే ఆయన 1911లో కసౌలిలో తయారుచేశాడు. గొర్రె మెదడులో వైరస్‌ను పెంచి, ఆ మెదడునే నూరి, ఫినాల్ అనే రసాయనంతో వైరస్‌ను చంపి ఇచ్చేవారు. బలం తక్కువ కాబట్టి రోజుకొకటి చొప్పున 7 నుంచి 14 వరకు కావాలి. ఒక్కోసారి ఎక్కించే మందు ఎక్కువ, అంత పట్టే చోటు పొట్ట మీది చర్మం కిందే ఉంది. హైదరాబాద్‌లో ఆ తరం వారికి నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అంటే కుక్కకాటు సూదులే గుర్తొస్తాయి. ఆ టీకాతో ఎంతోమంది బతికారు. కొందరికి మాత్రం కాళ్లు చేతులు పడిపోయేవి. అందులో ఉన్న గొర్రె మెదడు పదార్థానికి తయారైన ప్రతిస్పందన మన నరాల మీదకే తిరిగేది. 2004 చివరిలో మన దేశంలో దాని తయారీ ఆపేశారు. ఇప్పటివి కణాల్లో పెంచి శుద్ధి చేసినవి. మెదడు పదార్థం ఉండదు, బలం ఎక్కువ. అందుకే సూదులు తగ్గాయి, బొడ్డు నుంచి భుజానికి వచ్చాయి.

నాలుగా, ఐదా అన్నదానికి వస్తాను. మీ ఆయన సహోద్యోగికి వేసింది కండరంలోకి. అది 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదుసార్లు, 0 అంటే మొదటి సూది పడిన రోజు. మీవాడికి వేసింది చర్మం పొరలోకి, ఒక్కో భుజానికి 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు. థాయిలాండ్‌లో మొదలైన పద్ధతి ఇది, 2006లో మన దేశంలో అనుమతించారు. మందు పొదుపు అవుతుందన్నది నిజమే, ఒక్క సీసాతో నలుగురైదుగురికి వేయవచ్చు. కానీ రక్షణలో పొదుపు లేదు. చర్మంలో రోగనిరోధక కణాలు కండరంలో కన్నా దట్టంగా ఉంటాయి కాబట్టి కొద్ది మందుకే గట్టిగా స్పందిస్తాయి. ఒక్కటే షరతు, వేసే చేయి కుదురుగా ఉండాలి. మీరు చూసిన ఆ బుడిపె లేచిందంటే మందు సరైన పొరలో పడింది. లేవకుండా లోపలికి జారిపోతే పక్కన మరొకటి వేయాలి. వచ్చేసారి మీరే గమనించండి.

పెళ్లికి నిరభ్యంతరంగా వెళ్లండి. కార్డు దగ్గర పెట్టుకుని ఏడో రోజున విజయవాడలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి వేయించండి. చర్మంలోకి వేసే పద్ధతి అని కార్డులో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, మధ్యలో పద్ధతి మారకుండా ఉంటే మంచిది. ఎవరికైనా ఒక రోజు అటూ ఇటూ అయితే మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు, తప్పిన డోసు వెంటనే వేయించి ముందుకు సాగాలి.

పథ్యం ఏమీ లేదు. పెళ్లి భోజనం కడుపునిండా పెట్టండి. రేబిస్ టీకాల్లో ఒక రకాన్ని కోడిపిండం కణాల్లోనే పెంచుతారు. ఎదురింటి పెద్దావిడకు ఈ సంగతి చెప్పి ఆవిడ ముఖం చూడండి.

వేపచెట్టు గారూ, మీ తాతగారి ఆయుష్షు గట్టిది, సంతోషం. కానీ కరిచిన ప్రతి కుక్కా పిచ్చిది కాదు, పిచ్చికుక్క కరిచిన ప్రతివారికీ జబ్బు రాదు. రానివారంతా పసరు వల్లే బతికారని ఊళ్లో చెప్పుకుంటారు. వచ్చినవారు చెప్పుకోవడానికి మిగలరు. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది దీనితో పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిరపకారం, సున్నం గాయాన్ని ఇంకా చీల్చి వైరస్‌ను లోపలికి నెట్టడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఆ కారం కడగడానికి నేను పడ్డ పాట్లు, ఆ పిల్లలు పడ్డ మంట మీరు చూసి ఉంటే ఈ సలహా ఇక్కడ రాసేవారు కాదు. మిగతా డోసులు మానినా ఒకటే అన్న మాట మాత్రం దయచేసి తొలగించండి. ఎవరైనా నమ్మితే ప్రాణం పోతుంది.


వేపచెట్టు (నల్గొండ)

సిస్టర్ గారూ, ఆ చివరి వాక్యం తీసేయమని నిర్వాహకులను కోరాను. కానీ ఒక అనుమానం. కుక్క కరిచాక టీకా వేస్తే ఏం లాభం? పోలియో చుక్కలైనా, మశూచి టీకాలైనా జబ్బు రాకముందే వేసేవారు కదా?


సూదిగది సిస్టరమ్మ (గుంటూరు జిల్లా)

మంచి ప్రశ్న అడిగారు, కోపం సగం తగ్గింది. రేబిస్ నత్తనడక జబ్బు. కరిచిన నాటినుంచి లక్షణాలు కనబడే దాకా ఎక్కువమందిలో ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారం రోజులకే రావచ్చు, కొందరిలో ఏడాది దాటవచ్చు. ఆ నడక నిదానం కాబట్టే, తరువాత మొదలుపెట్టిన టీకా కూడా ముందుగా గమ్యం చేరగలదు. తట్టులాంటి జబ్బుకు ఇంత వ్యవధి దొరకదు, అందుకే ముందే వేయాలి. ఫ్రాన్స్ శాస్త్రవేత్త పాశ్చర్ పట్టుకున్న కిటుకు ఇదే. 1885 జులై 6న ప్యారిస్‌లో, పిచ్చికుక్క చాలాచోట్ల కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటి సూది వేయించాడు. పాశ్చర్ వైద్యుడు కాదు, అందుకని సూది వేసింది వేరే డాక్టరు. జబ్బుతో చచ్చిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, ఎక్కువ రోజులు ఎండి బలం పోయినదానితో మొదలుపెట్టి, రోజురోజుకూ తాజాదానికి వచ్చారు. పది పదకొండు రోజుల్లో 13 ఇంజెక్షన్లు. పిల్లవాడు బతికాడు. అప్పటికి యాంటీబాడీ అనేది ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. సీరంతో రక్షణ ఇవ్వవచ్చని బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపించింది 1890లో, అదీ ధనుర్వాతానికి, కంఠసర్పికి.

ఇంకొక సంగతి. పూర్తి కోర్సు తీసుకున్న మనిషిని కొన్నాళ్లకు మళ్లీ కుక్క కరిస్తే 0, 3 రోజుల్లో రెండు డోసులు చాలు, సీరం అసలు అక్కర్లేదు. శరీరంలో జ్ఞాపకం మిగిలి ఉంటుంది, కొద్ది రోజుల్లోనే యాంటీబాడీలు ఉవ్వెత్తున వస్తాయి. సీరం మాత్రమే తీసుకుని డోసులు ఎగ్గొట్టినవారికి ఆ జ్ఞాపకం ఉండదు. పెరటిజామ గారూ, కార్డు పారేయవద్దు అనేది ఇందుకే. రేషన్ కార్డు పక్కన దాచండి.


డల్లాస్ తెలుగు

ఇది చదువుతుంటే మా ఇంట్లో జరిగిన వాదన గుర్తొచ్చింది. మా పాప ఇక్కడ గత చలికాలంలో పుట్టింది. పుట్టిన మరునాడు తొడకు ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, నిర్సెవిమాబ్ అని. ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ చంటిపిల్లల ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరాడకుండా చేస్తుందని, దాని నుంచి కాపాడడానికని చెప్పారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు ఒక్కరోజు పిల్లకు అప్పుడే టీకాలా అని గొడవ. ఇది టీకా కాదు, యాంటీబాడీ అని నర్సు చెబితే మాకెవరికీ తేడా అర్థం కాలేదు. అంటే ఇదీ సీరం లాంటిదేనా?


సూదిగది సిస్టరమ్మ (గుంటూరు జిల్లా)

అవును బాబూ, అదే కుటుంబం. కాకపోతే గుర్రం లేదు, ఒకే రకం యాంటీబాడీని కణాల్లో తయారుచేస్తారు. త్వరగా విరిగిపోకుండా దాని తోకభాగంలో చిన్న మార్పు చేశారు కాబట్టి ఒక్క మోతాదు ఒక చలికాలమంతా, అంటే అయిదు నెలల దాకా, కాపాడుతుంది. ఒక్కరోజు పిల్లకు టీకా వేసి రోగనిరోధక శక్తి తయారయ్యే దాకా ఆగే వ్యవధి ఉండదు, అప్పటికే ఆ జబ్బు కాలం వచ్చేస్తుంది. అందుకని సిద్ధంగా ఉన్నదే ఇస్తారు. మీ దేశంలో ఇంకో దారి కూడా ఉంది. గర్భిణికి 32 నుంచి 36 వారాల మధ్య ఆర్‌ఎస్‌వీ టీకా వేస్తే ఆమె చేసుకున్న యాంటీబాడీలు మావి గుండా బిడ్డకు చేరతాయి. అప్పుడు చాలామంది పిల్లలకు ఈ ఇంజెక్షన్ అవసరం ఉండదు.

మీ అత్తగారికి ఇది కొత్త కాదని చెప్పండి. గర్భిణులకు టీటీ వేసేది ఇందుకే, ఇప్పుడు కంఠసర్పిని కూడా ఆపే టీడీ వేస్తున్నారు. తల్లి చేసుకున్న రక్షణ బిడ్డకు వెళ్లి, బొడ్డు కోసిన చోట ధనుర్వాతం పట్టకుండా ఆపుతుంది. ఒకప్పుడు పురిటి పిల్లలు దానితోనే పోయేవారు. మన దేశంలో ఆ సమస్య తొలగిపోయిందని 2015లో ధ్రువీకరించారు. తల్లికి హెపటైటిస్ బి ఉంటే పుట్టిన బిడ్డకు ఒక తొడకు టీకా, రెండో తొడకు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇస్తాం, 12 గంటల లోపే. అక్కడా మీ ఖమ్మం బాబు కథే.


గొడ్ల డాక్టరు (అనంతపురం)

పశువైద్యుడిని. మనుషుల వైపు సంగతులు సిస్టర్ గారు చెప్పేశారు. కుక్క గురించి ఎవరూ అడగలేదేమిటి? ఆ కుక్క ఇప్పుడు ఎక్కడుంది? కరిచిన కుక్కను పది రోజులు గమనించాలంటారు. చొంగలో వైరస్ ఉన్న కుక్క ఆ పది రోజుల్లో జబ్బుపడి చనిపోతుంది. పది రోజులూ మామూలుగా తిని తిరిగితే కరిచిన నాడు దాని చొంగలో వైరస్ లేనట్టే. అప్పుడు మిగతా డోసులు ఎలా ఇవ్వాలో డాక్టరు నిర్ణయిస్తారు. అయితే పది రోజులు చూశాక టీకా మొదలుపెడదాం అనకూడదు. టీకా, గమనింపు రెండూ ఒకే రోజు మొదలవ్వాలి. పెంపుడు కుక్కకు టీకా వేయించాం అని యజమాని చెప్పినా కార్డు అడిగి చూడండి. పిల్లకు మూడు నెలలకు మొదటిది, తరువాత ఏటేటా వేయించాలి. మొదటిది వేయించి వదిలేసేవారే ఎక్కువ.


పెరటిజామ (ఖమ్మం)

అందరికీ కృతజ్ఞతలు. సిస్టరమ్మ గారూ, మీరు రాసింది మా ఇంట్లో పైకి చదివి వినిపించాను. ఆడపడుచు ఏమీ అనలేదు. నిన్న మూడో రోజు డోసు వేయించాం. రెండు బుడిపెలూ లేచాయి, నేనే చూశాను.

డాక్టర్ గారూ, మీరు అడిగాక వాకబు చేశాం. ఆ కుక్క మా వీధిది కాదట, ఆ రోజు తరువాత ఎవరికీ కనబడలేదు. అదే సాయంత్రం మాకు పాలు పోసే అతని గేదెను కూడా మూతి మీద కరిచిందట. ఈ సంగతి తెలిసి వీధిలో అందరూ హడలిపోయారు. ఆ పాలు మేమూ తాగాం. మేమంతా సూదులు వేయించుకోవాలా?


సూదిగది సిస్టరమ్మ (గుంటూరు జిల్లా)

కాచిన పాలు తాగితే ఏమీ కాదమ్మా. కాచితే వైరస్ చచ్చిపోతుంది. పాల వల్ల మనిషికి రేబిస్ వచ్చినట్టు రుజువు కూడా లేదు. ఇలాంటి కబురుకే ఊరు ఊరంతా ఆటోల్లో మా ఆసుపత్రికి దిగేది, నిజంగా కాటు పడినవాళ్లేమో ఆ వరుసలో వెనక్కి పోయేవారు. పచ్చిపాలు మాత్రం ఎవరూ తాగకండి, దూడ తాగగా మిగిలినవైనా సరే. కానీ మీవాడి విషయంలో ఇక ఆ పది రోజుల లెక్క వదిలేయండి. కనబడని కుక్కను పిచ్చికుక్కగానే లెక్కపెట్టాలి. 7, 28 రోజుల డోసులు రెండూ పడాల్సిందే.


గొడ్ల డాక్టరు (అనంతపురం)

సిస్టర్ గారి మాటే నాదీ. రెచ్చగొట్టకుండానే ఒకే సాయంత్రం పిల్లవాడినీ గేదెనూ కరిచి మాయమైన కుక్క అంటే నాకు గట్టి అనుమానమే. ఆ పాలాయనను ఈ రోజే పశువుల ఆసుపత్రికి పంపండి. గేదెకూ కాటు తరువాత టీకాలు ఉన్నాయి, 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. గాయాన్ని సబ్బునీళ్లతో కడగాలి, చేతులకు తొడుగులు వేసుకుని. ఆ గేదెను మిగతావాటికి దూరంగా కట్టేయమనండి.

ఇంకొక్కటి, ఇది మరిచిపోకుండా చెప్పండి. కొన్ని వారాలకు ఆ గేదె మేత మింగలేక, చొంగ కారుస్తూ, గొంతులో ఏదో అడ్డం పడినట్టు చేస్తే, మామిడి టెంకో బెండకాయో ఇరుక్కుందనుకుని నోట్లో చేయి పెట్టి తీయబోతారు. మా దగ్గర రైతులు కాటు లేకుండా ప్రమాదంలో పడేది ఎక్కువగా ఇలాగే. చేయి పెట్టవద్దని, నాకో మా శాఖవారికో ఫోను చేయమని చెప్పండి. ఇప్పటికే ఆ కరిచిన మూతిని గీతలు, పుండ్లు ఉన్న ఉత్త చేతులతో కడిగి ఉంటే అతను కూడా మీ బాబు వెళ్లిన గదికే వెళ్లి డాక్టరుకు చెప్పాలి.